అహాన్ని చంపేశానంటున్నది ఎవరు?

పదిహేడేళ్లుగా ధ్యానం నేర్పుతున్నాను. మొదటి రోజు అందరి చేతా ఒక చీటీ రాయిస్తాను, "ఎందుకొచ్చారు?" అని. నిద్ర పట్టడం లేదనో, కోపం తగ్గాలనో, డాక్టరు చెప్పారనో రాసినవాళ్లతో నాకు పేచీ లేదు. వచ్చిన పని చూసుకుని వెళ్తారు. "ఈగోని చంపుకోవాలి", "అవేకెనింగ్ కావాలి" అని రాసినవాళ్ల చీటీలు మాత్రం విడిగా పెట్టుకుంటాను. వాళ్లకు నేర్పించాల్సిన దానికంటే మరిపించాల్సిందే ఎక్కువ. అలా మరిపించాల్సిన వాటిలో కొన్ని ఇవి.

అపోహ: అహం అంటే పొగరు. దాన్ని చంపితే గానీ ముందుకు పోలేం.

వాస్తవం: చిక్కంతా మాట దగ్గరే మొదలైంది. మామూలు మాటల్లో అహంకారి అంటే తలబిరుసు మనిషి. సాంఖ్యులు, అంటే మన పాత దర్శనాల్లో ఒకటైన సాంఖ్యం చెప్పినవాళ్లు, ఆ మాటను ఆ అర్థంలో వాడలేదు. వాళ్ల లెక్కలో అహంకారం ఒక తత్త్వం. అనుభవానికి వచ్చిన ప్రతిదాని మీదా "ఇది నేను, ఇది నాది" అని ముద్ర కొట్టడం దాని పని. వేదాంతులు మనస్సు, బుద్ధి, చిత్తం, అహంకారం అని అంతఃకరణాన్ని నాలుగుగా చెప్పినప్పుడూ అంతే. అక్కడ అది తిట్టు కాదు, లోపల పనిచేసే గుమాస్తా పేరు. ఎవరైనా మనల్ని పేరు పెట్టి పిలిస్తే పలికేది, కాగితం మీద సంతకం పెట్టేది ఆ గుమాస్తాయే. వాణ్ని చంపేస్తే రేపు సంతకం ఎవరు పెడతారు?

"ఈగో" కథ ఇంకా తమాషాగా ఉంటుంది. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1923లో మనసు గురించి తన సిద్ధాంతాన్ని జర్మన్‌లో రాస్తూ వాడిన మాట "ఇష్". అంటే "నేను". మాటలు నేర్చిన ప్రతి పిల్లాడికీ తెలిసిన మాట. ఇంగ్లీషులోకి తెచ్చినవాళ్లు లాటిన్ నుంచి "ఈగో" అన్న మాట తెచ్చి పెట్టారు. లాటిన్‌లోనూ దాని అర్థం "నేను" అనే. తిరిగి తిరిగి అది మన దగ్గరికొచ్చేసరికి "వాడికి ఈగో ఎక్కువ" అయింది.

గుమాస్తా ఉండటం వల్ల బాధ లేదు. వాడు యజమాని కుర్చీలో కూర్చుంటేనే బాధ. దీన్ని నేను శాస్త్రాలు చదివి తెలుసుకోలేదు, నా పాత నోటుబుక్కు చెప్పింది. సాధన మొదలుపెట్టిన మూడో ఏడు, రోజూ ధ్యానం అయ్యాక రెండు ముక్కలు రాసుకునేవాణ్ని. ఒక పేజీలో ఇలా ఉంది: "ఇవాళ 40 నిమిషాలు నేను లేను." కింద రెండు గీతలు కూడా కొట్టుకున్నాను. చాలా ఏళ్లకు అల్మరా సర్దుతూ ఆ పేజీ చూసి నవ్వాగలేదు. నేను లేకపోతే గడియారం చూసిందెవరు? గీతలు కొట్టిందెవరు? ఒక్కటి కూడా చాలక రెండు కొట్టాడు మహానుభావుడు.

అప్పటి నుంచీ క్లాసులో "చంపడం" అన్న మాట వాడటం మానేశాను. "గుర్తుపట్టడం" అంటాను. చంపాలనుకున్న కొద్దీ అది వేషం మార్చుకుంటుంది. నిన్న ఉద్యోగం గొప్ప చెప్పుకున్నది ఇవాళ వైరాగ్యం గొప్ప చెప్పుకుంటుంది. గొంతు మాత్రం అదే.

అపోహ: ధ్యానం, యోగా చేస్తూ పోతే అహం దానంతటదే తగ్గిపోతుంది.

వాస్తవం: నేనూ అలాగే అనుకునేవాణ్ని. 2018లో సైకలాజికల్ సైన్స్ పత్రికలో యోఖెన్ గెబావర్ బృందం రాసిన పరిశోధన చదివాక నోరు మూసుకున్నాను. 93 మంది యోగా విద్యార్థులను 15 వారాలు, 162 మంది ధ్యానం చేసేవాళ్లను నాలుగు వారాలు గమనించారు. అభ్యాసం చేసి లేచినప్పుడు "నేను మిగతావాళ్లకంటే మెరుగు" అనే భావన తగ్గాల్సింది పోయి పెరిగింది. పనిలో పనిగా మనసుకు హాయి కూడా పెరిగింది. ఆ హాయిలో కొంత వాటా ఈ "నేను మెరుగు" నుంచే వచ్చిందని కూడా వాళ్లు చూపించారు. నాకు అసలు గుచ్చుకున్నది ఆ చివరి ముక్కే.

నెదర్లాండ్స్‌లో రూస్ వోంక్ బృందం ఇంకో అడుగు ముందుకేసి "ఆధ్యాత్మిక ఆధిక్యభావం" కొలవడానికి ఒక స్కేలే తయారుచేసింది. ఆరా (మనిషి చుట్టూ ఉంటుందనే కాంతివలయం) చూడటం లాంటి శక్తి శిక్షణలు తీసుకున్నవాళ్లకు అందులో మార్కులు ఎక్కువ వచ్చాయి.

ఇందులో వింతేమీ లేదు. ఏ పని శ్రద్ధగా చేసినా అది "నాది" అవుతుంది. వంటవాడికి చేయి, పాటగాడికి గొంతు ఎలాగో సాధకుడికి ప్రశాంతత అలా. పది రోజులు మౌనంలో ఉండి ఇంటికొచ్చిన రోజు మా అక్క తలుపు తీసి, "వచ్చావా, ఆ మోటారు ఆపేసి రా, నీళ్లు పొర్లిపోతున్నాయి" అంది. నా మొహం వైపు కూడా చూడలేదు. మేడ మీదికి ఎక్కుతుంటే ఒళ్లు మండింది. పది రోజులు మాట్లాడకుండా కూర్చుని వచ్చిన మనిషిని కాస్త చూడదా? స్విచ్చి మీద చేయి వేసినప్పుడు అర్థమైంది, పది రోజులూ నేను కూడబెట్టుకుని తెచ్చుకున్నది ఆ ఎదురుచూపునేనని. ఆ శిబిరంలో నేర్చుకున్న దాంట్లో నాకు మిగిలినది ఆ మోటారు దగ్గరి అర నిమిషమే.

అపోహ: మేల్కొలుపు ఒక్క క్షణంలో జరుగుతుంది. ఆ తర్వాత ఇక అంతా ఆనందమే.

వాస్తవం: ఇది అడిగేవాళ్లు తప్పకుండా రమణ మహర్షి పేరు ఎత్తుతారు. 1896లో మదురైలో, పదహారేళ్ల కుర్రాడికి ఒంటరిగా ఉన్నప్పుడు చనిపోతున్నానన్న భయం పట్టుకుంది. పారిపోకుండా పడుకుని, శవంలా బిగుసుకుని, పోయేదేమిటో చూశాడు. కొద్ది నిమిషాల్లో అంతా అయిపోయింది. నిజమే. తర్వాత సంగతి ఎవరూ చెప్పరు. ఆరు వారాలకు ఇల్లు వదిలి సెప్టెంబరు 1న తిరువణ్ణామలై చేరాడు. 1950లో దేహం వదిలే దాకా ఆ చోటు విడిచి వెళ్లలేదు. మొదటి ఏళ్లు దాదాపు మౌనం. పేరు వచ్చాక ఆశ్రమంలో తెల్లవారకముందే లేచి వంటింట్లో కూరగాయలు తరిగేవారు. క్షణం గురించి ఊరిస్తూ చెప్పేవాళ్లు ఆ కత్తిపీట గురించి చెప్పరు.

అదీగాక ఆయన అహాన్ని చంపమనలేదు. "నేను" అన్న తలపు ఎక్కడి నుంచి లేస్తోందో దాని వెంట పడి చూడమన్నారు. రెండింటికీ తేడా ఉంది. దొంగను కొట్టడం వేరు, వాడి ఇల్లెక్కడో కనుక్కోవడం వేరు.

కొరియా జెన్ బౌద్ధ గురువు చినుల్ (1158–1210) ఈ పేచీ ఎప్పుడో తీర్చాడు. మెలకువ హఠాత్తుగా వస్తుంది, సాధన మాత్రం మెల్లగానే సాగాలి అన్నాడు. గడ్డకట్టిన చెరువంతా నీళ్లేనని తెలిసిపోతుంది, సరే. తెలిసినంత మాత్రాన మంచు కరగదు, ఎండ తగలాలి. పతంజలి కూడా చాలాకాలం, ఎడతెగకుండా, శ్రద్ధగా చేస్తేనే అభ్యాసం గట్టిపడుతుందన్నాడు. "చాలాకాలం" అంటే ఎన్నాళ్లని అడిగితే నేను మాట మారుస్తాను.

అపోహ: సాధకుడికి కోపం, ఏడుపు రాకూడదు. అన్నిటికీ సాక్షిగా ఉండాలి.

వాస్తవం: దీని వల్ల జరిగినంత నష్టం మిగతా వాటన్నిటి వల్లా కలిపి జరగలేదు.

ఒకసారి ఒకాయన తల్లి పోయిన ఆరో రోజే క్లాసుకు వచ్చాడు. ఊరుకోబెట్టబోతే, "ఫర్వాలేదు మాస్టారూ, పోయింది శరీరమే కదా" అన్నాడు. మొహం మీద చిరునవ్వు. కళ్లు మూసుకోమన్నాను. పావుగంటకు చూస్తే వీపు నిటారుగా ఉంది, ఊపిరి నెమ్మదిగా ఉంది, కుడిచేతి బొటనవేలు మాత్రం చూపుడువేలి గోరును ఆపకుండా గీకుతోంది. చర్మం లేచి ఎర్రబడింది. ఆయనకు తెలియడం లేదు. అందరూ వెళ్లాక పక్కన కూర్చుని, "అమ్మ మిమ్మల్ని ఏమని పిలిచేది?" అని అడిగాను. చెప్పబోయాడు. ఆ పేరు సగంలోనే ఆగిపోయింది. గంటసేపు ఏడ్చాడు. ఆ నెలంతా ఆయన చేసిన ధ్యానంలో నిజమైనది ఆ గంటే అని నా నమ్మకం.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ వెల్‌వుడ్ 1980ల్లో దీనికి "స్పిరిచువల్ బైపాసింగ్" అని పేరు పెట్టాడు. తీరని గాయాలను దాటుకుని పోవడానికి ఆధ్యాత్మికతను అడ్డదారిగా వాడుకోవడం. సాక్షిభావం అంటే కోపం వచ్చిందని వచ్చినప్పుడే తెలియడం. రాలేదని నటించడం నటనే అవుతుంది. "నాకు కోపమే రాదు" అనేవాళ్ల ఇంట్లోవాళ్లతో ఓ అయిదు నిమిషాలు మాట్లాడి చూడండి.

అపోహ: కళ్లు మూసుకుంటే వెలుగులు, ఒంట్లో కంపనాలు వస్తే బాగా ముందుకెళ్తున్నట్టు.

వాస్తవం: వస్తే రానివ్వండి, పోతే పోనివ్వండి. పతంజలి సిద్ధులనే, అంటే సాధనతో వస్తాయనే అతీంద్రియ శక్తులనే, సమాధికి అడ్డంకులన్నాడు, ఇక కంపనాలెంత. ఈ విషయంలో ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. చెబితే అదే పట్టుకుంటారు.

అపోహ: 21 రోజులు పట్టుగా చేస్తే మనిషి మారిపోతాడు.

వాస్తవం: ఈ 21 అన్నది 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ మాట. మారిన ముఖానికి రోగులు అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశాడు. "కనీసం" ఎక్కడో రాలిపోయింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో అచ్చువేసిన లెక్కలో, ఒక చిన్న అలవాటు ఆలోచించకుండా జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18, అంచనా ప్రకారం కొందరికి 254 దాకా. అదీ మంచినీళ్లు తాగడం లాంటి పనికి. నలభై ఏళ్లుగా ముద్ర కొడుతున్న గుమాస్తాను మూడు వారాల్లో దారికి తెస్తామనే శిబిరాల సంగతి మీరే చూసుకోండి.

అపోహ: ధ్యానం ఎవరికీ, ఎప్పుడూ హాని చేయదు. ఇబ్బంది వచ్చిందంటే పాత కర్మ కరుగుతున్నట్టు.

వాస్తవం: నేర్పేవాళ్లలో కొందరు ఇప్పటికీ ఇలాగే చెబుతున్నారు. చెప్పకూడదు. జారెడ్ లిండాల్, విల్లోబీ బ్రిటన్ బృందం బౌద్ధ ధ్యానం చేసే పాశ్చాత్య సాధకులను, వాళ్ల గురువులను కూర్చోబెట్టి అడిగి 2017లో 59 రకాల అనుభవాలను నమోదు చేసింది. అందులో హాయితో పాటు భయం, నిద్ర పట్టకపోవడం, "నేను" అన్నది ఊడిపోయి బెదిరిపోవడం కూడా ఉన్నాయి. అమెరికా మనోవైద్యుల సంఘం 1994లోనే తమ నిర్ధారణ గ్రంథంలో "మతపరమైన లేదా ఆధ్యాత్మిక సమస్య" అని ఒక విభాగం చేర్చింది. అన్నిటినీ జబ్బు అనకూడదని దాని ఉద్దేశం. అన్నిటినీ మేల్కొలుపు అనకూడదన్నది నా ఉద్దేశం.

నేను పెట్టుకున్న నియమం ఇది. వరుసగా మూడు రాత్రులు నిద్ర లేకపోతే, ఎవరూ పిలవకుండానే గొంతులు వినిపిస్తే, తను ఎంపికైన మనిషినని గట్టిగా నమ్మడం మొదలైతే, తిండి మానేస్తే ఆ రోజే సాధన ఆపించి సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతాను. చచ్చిపోవాలనిపిస్తోందంటే ఒంటరిగా కూడా పంపను, వెంట వెళ్తాను. ఇంతకుముందు మనోవ్యాధికి మందులు వాడినవాళ్లను డాక్టరుతో మాట్లాడకుండా రోజంతా కూర్చునే శిబిరాలకు చేర్చుకోను. ఒకసారి చేర్చుకున్నాను. రెండో రాత్రి ఆ అబ్బాయి గదిలో దీపం ఆరలేదు. తెల్లారి తలుపు కొడితే, "మాస్టారూ, నేను లేను" అన్నాడు వణుకుతూ. నా నోటుబుక్కులో రెండు గీతలు కొట్టుకుని రాసుకున్న మాటే అది. ఆ రోజు మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో వాళ్ల నాన్న వచ్చేదాకా ఆ పిల్లాడి చేయి పట్టుకుని కూర్చున్నాను.