మినీ గిటార్ పెడళ్లు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో పెళ్లి ఆర్కెస్ట్రాలకు, చర్చి బృందాలకు, జూబ్లీహిల్స్, గచ్చిబౌలి పబ్బుల్లో వాయించే బ్యాండ్లకు గిటార్ ధ్వనిని మార్చడానికి కాలితో నొక్కే పెడళ్లను ఒక పలకపై పేర్చిన పెడల్‌బోర్డులు అమర్చి ఇవ్వడం, పాడైన పెడళ్లను బాగుచేయడం నా వృత్తి. సుమారు 9 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు ఉండే మినీ పెడళ్ల మీద నా దగ్గరకు వచ్చే గిటారిస్టులలో కొందరికి అతినమ్మకం, మరికొందరికి చిన్నచూపు ఉన్నాయి. పెడల్ ఎంత పెద్దదన్న దాన్నిబట్టే దాని ధ్వని ఉంటుందనుకోవడం వల్లే ఈ రెండూ వచ్చాయని నా అభిప్రాయం. చిన్నదనం ప్రభావం ధ్వనిలో కన్నా కాలు పడే చోట, కరెంటు అందే చోట, మరమ్మతు బల్ల మీద ఎక్కువగా తెలుస్తుంది.

అపోహ: డబ్బా చిన్నదైతే ధ్వని పలచగా ఉంటుంది.

గిటార్ పికప్ (తీగల కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం) నుంచి పెడల్‌లోకి వచ్చే సిగ్నల్ సాధారణంగా ఒక వోల్టుకు లోపే ఉంటుంది. ఇంత బలహీనమైన సిగ్నల్‌ను నడిపించడానికి పెద్ద రెసిస్టర్లు, పెద్ద కెపాసిటర్లు అక్కర్లేదు. 1.6 మిల్లీమీటర్ల పొడవు, 0.8 మిల్లీమీటర్ల వెడల్పు ఉండే సర్ఫేస్ మౌంట్ (బోర్డు పైనే అతికించే) రెసిస్టర్ ఆ పనిని పాత పద్ధతి రెసిస్టర్ అంత చక్కగానూ చేస్తుంది. 1977లో బాస్ సంస్థ తెచ్చిన కాంపాక్ట్ పెడళ్ల డబ్బా అంత పెద్దదిగా ఉండటానికి అందులో 9 వోల్టుల బ్యాటరీ పట్టాలి, కాలితో తొక్కే పలక ఉండాలి, ఆనాటి భాగాలు ఇమడాలి అన్నవే కారణాలు.

ఐబనెజ్ సంస్థ ఓవర్‌డ్రైవ్ (ధ్వనిని కాస్త చీల్చి బొంగురుగా మార్చే) పెడల్ అయిన ట్యూబ్ స్క్రీమర్‌నే తీసుకోండి. మినీ రూపంలో కూడా డ్రైవ్, టోన్, లెవెల్ అనే మూడు నాబ్‌లూ ఉన్నాయి, సర్క్యూట్ కూడా ఆ కుటుంబానిదే. పెద్దదానితో పోల్చినప్పుడు తేడా వినిపిస్తోందని చెప్పేవారు ఒక విషయం గమనించాలి. పాత ట్యూబ్ స్క్రీమర్‌లో పెడల్ ఆపినప్పుడు కూడా సిగ్నల్ బఫర్ (సిగ్నల్ బలహీనపడకుండా కాపాడే చిన్న సర్క్యూట్) గుండా వెళుతుంది, మినీలో నేరుగా తీగ గుండా వెళుతుంది. పెడల్ ఆపి ఉన్నప్పుడు బోర్డు మొత్తం ధ్వని మారినట్టు అనిపించడానికి తరచుగా ఇదే కారణం.

అయితే ఈ అపోహలో కొంత నిజం కూడా ఉంది, దాన్ని దాచడం సరికాదు. చవకరకం సిరామిక్ కెపాసిటర్ల విలువ వాటిపై పడే వోల్టేజీని బట్టి మారుతుంది, కొన్నింటిని తడితే ఆ కుదుపు శబ్దంగా బయటికి వస్తుంది. శ్రద్ధ ఉన్న తయారీదారు సిగ్నల్ దారిలో స్థిరమైన రకాన్ని గానీ, ఫిల్మ్ కెపాసిటర్‌ను గానీ వాడతాడు. కొనేముందు గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) పెంచి డబ్బాను వేలితో మెల్లగా తట్టి వినండి. టక్ టక్ అని ఆంప్‌లో (గిటార్ ధ్వనిని పెంచి వినిపించే యాంప్లిఫయర్‌లో) గట్టిగా వినిపిస్తే ఆ పెడల్‌ను వదిలేయడమే మంచిది. చిన్నదనం వల్ల నిజంగా నష్టపోయేది నియంత్రణల విషయంలో. పెద్ద రివర్బ్‌లో (గది ప్రతిధ్వనిని జోడించే పెడల్‌లో) నాలుగు నాబ్‌లు ఉంటే, మినీలో ఒక్కటే మిగలవచ్చు. మూడు నాబ్‌లు ఇరికించినా పక్కనున్న రెండూ వేలి కొసకు కూడా సరిగా చిక్కవు, స్టేజీ మీద మసక వెలుతురులో అవి ఎక్కడున్నాయో కనిపించవు. పాట పాటకూ సెట్టింగ్ మార్చే అలవాటున్నవారికి ఇది పెద్ద లోపం, ఒకసారి అమర్చి వదిలేసేవారికి అసలు లోపమే కాదు.

అపోహ: చిన్న పెడల్ తక్కువ కరెంటు తీసుకుంటుంది.

నా దగ్గరకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ అపోహ నుంచి పుట్టినవే. కరెంటు వాడకానికీ డబ్బా పరిమాణానికీ సంబంధం లేదు. అనలాగ్ ఓవర్‌డ్రైవ్ పెద్దదైనా చిన్నదైనా 10 మిల్లీఆంపుల చుట్టుపక్కల తీసుకుంటుంది. డిజిటల్ డిలే (ధ్వనిని కాస్త ఆలస్యంగా మళ్లీ వినిపించేది), రివర్బ్, లూపర్ (వాయించినదాన్ని రికార్డు చేసి పదేపదే వినిపించేది) ఎంత చిన్నవైనా ఒక్కొక్కటీ 100 మిల్లీఆంపుల దాకా, కొన్ని అంతకు మించీ తీసుకుంటాయి. పోనీ బ్యాటరీతో నడుపుదామన్నా చాలావాటిలో కుదరదు. డన్‌లప్ సంస్థ ఫజ్ ఫేస్ మినీలో (ఫజ్ అంటే గరగరలాడే ధ్వనినిచ్చే పెడల్) బ్యాటరీకి చోటున్న మాట నిజమే కానీ అది గుండ్రటి, కాస్త పెద్ద డబ్బా. మామూలు మినీ పెడల్‌లో స్విచ్, జాక్‌లు, బోర్డు అమర్చాక బ్యాటరీకి చోటు మిగలదు. కాబట్టి మినీ పెడల్ కొన్నారంటే దానితోపాటు మంచి పవర్ సప్లై కూడా కొనాలని ముందే లెక్క వేసుకోండి.

ఒకే అడాప్టర్ నుంచి గొలుసు తీగతో అయిదారు పెడళ్లకు కరెంటు ఇచ్చినప్పుడు మిల్లీఆంపుల లెక్క సరిపోయినా శబ్దం సమస్య తీరదు. డిజిటల్ పెడల్‌లోని క్లాక్ (చిప్‌ను నడిపించే స్పందన) చప్పుడు ఆ ఉమ్మడి తీగల మీదుగా ఓవర్‌డ్రైవ్‌లోకి చేరుతుంది, అక్కడ గెయిన్‌తో పెరిగి చెవి దగ్గర దోమ రొదలా వినిపిస్తుంది. దీనికీ, ఫంక్షన్ హాళ్లలో వినిపించే లోతైన 50 హెర్ట్జ్ హమ్‌కీ తేడా తెలుసుకోవాలి. హమ్ సాధారణంగా ఎర్తింగ్ లోపం వల్ల వస్తుంది. సీరియల్ లైట్లు, డిమ్మర్లు ఉన్న లైన్‌లోనే ఆంప్ కూడా పెడితే బర్రుమనే చప్పుడు మరొకటి తోడవుతుంది. సన్నని రొద వస్తుంటే డిజిటల్ పెడల్‌ను గొలుసు నుంచి తీసి వేరే అడాప్టర్‌తో నడిపి చూడండి. రొద ఆగిపోతే మీకు కావలసింది ఒక్కో అవుట్‌పుట్ విడివిడిగా ఉండే ఐసొలేటెడ్ పవర్ సప్లై, కొత్త పెడల్ కాదు.

ఇక్కడే ఇంకో హెచ్చరిక. గిటార్ పెడళ్లలో ఎక్కువ వాటికి 9 వోల్టులు, మధ్య పిన్ను నెగటివ్‌గా ఉండాలి. సీసీటీవీ కెమెరాలకు, వైఫై రౌటర్లకు వచ్చే 12 వోల్టుల అడాప్టర్ పిన్ను కొలత చాలాసార్లు అదే, చక్కగా లోపలికి దూరుతుంది, కానీ దాని మధ్య పిన్ను పాజిటివ్. కోఠీ గుజరాతీ గల్లీలో అడాప్టర్ కొనేటప్పుడు పిన్ను పట్టిందా లేదా అని మాత్రమే చూడకుండా, దాని వెనక ముద్రించిన చిన్న గుర్తును, వోల్టులను చదివి తీసుకోండి. పాజిటివ్, నెగటివ్ తలకిందులైన అడాప్టర్ పెట్టిన మినీ పెడల్‌ను విప్పితే కరెంటు జాక్ పక్కనున్న రక్షణ డయోడ్ చుట్టూ బోర్డు గోధుమ రంగుకు మాడి కనిపిస్తుంది. అదృష్టం ఉంటే ఆ డయోడ్ ఒక్కటే పోతుంది.

అపోహ: మినీ పెడళ్లతో బోర్డు సగానికి తగ్గిపోతుంది.

బాస్ కాంపాక్ట్ పెడల్ వెడల్పు 73 మిల్లీమీటర్లు, మినీ పెడల్‌ది 42 దాకా ఉంటుంది. కాగితం మీద లాభం బాగానే ఉంది. పక్కలకు వచ్చే ప్యాచ్ కేబుల్ ప్లగ్గుల మందం మాత్రం రెండింటికీ ఒకటే కాబట్టి, మామూలు ప్లగ్గులు వాడితే ఆ లాభంలో మంచి భాగం కరిగిపోతుంది. బల్లపరుపు ప్లగ్గులు వాడితే కొంత దక్కుతుంది. ఆ తర్వాత వచ్చేది కాలి కొలత. బూటు ముందు భాగం వెడల్పు దాదాపు 10 సెంటీమీటర్లు ఉంటుంది. స్విచ్‌లు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటే డిలే వేయబోయి ఓవర్‌డ్రైవ్ ఆపేయడమో, పక్క నాబ్‌ను తిప్పేయడమో జరుగుతుంది. నా సలహా ఎప్పుడూ ఒకటే: ట్యూనర్, ఎప్పుడూ వేసి ఉంచే కంప్రెసర్ (ధ్వని హెచ్చుతగ్గులను సమం చేసేది), బూస్టర్, రివర్బ్ లాంటివి మినీలో తీసుకుని వెనక వరుసలో పెట్టండి, పాట మధ్యలో తొక్కవలసినవి పెద్ద డబ్బాల్లోనే ముందు వరుసలో ఉంచండి. లూపర్ విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. టీసీ ఎలక్ట్రానిక్ డిట్టోలో రికార్డు చేయడం, ఆపడం, చెరిపేయడం అన్నీ ఒక్క స్విచ్ మీదే, నొక్కే తీరును బట్టి జరుగుతాయి. దాని చుట్టూ ఖాళీ లేకపోతే తాళం తప్పుతుంది.

బరువు తక్కువ కాబట్టి నేల మీద జారిపోతాయన్నది నిజమే. వెల్క్రోతో బోర్డుకు అంటిస్తే ఆ సమస్య ఉండదు.

అపోహ: ట్రూ బైపాస్ ఉంది కాబట్టి టోన్ చెడదు.

మినీ పెడళ్లలో చాలావరకు ట్రూ బైపాస్‌వే, అంటే ఆపినప్పుడు సిగ్నల్ నేరుగా తీగ గుండా వెళ్లేవే. ఒక్క పెడల్‌కు అది మంచిదే. ఆరు పెడళ్లూ ఆపి ఉన్నప్పుడు గిటార్‌కూ ఆంప్‌కూ మధ్య మిగిలేది పొడవాటి కేబుల్ మాత్రమే. కేబుల్ మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుందనుకుంటే, ఇటు 6 మీటర్లు, అటు 6 మీటర్లు కలిపి 1200 దాకా అవుతుంది. అంత భారాన్ని మామూలు పాసివ్ పికప్ మోయలేక, పై స్థాయి మెరుపును కోల్పోతుంది. వరుసలో మొదట బఫర్ ఉన్న పెడల్ ఒకటి పెడితే చాలు, బాస్ సంస్థ మామూలు పెడల్ ఏదైనా ఆ పని చేస్తుంది. పాత తరహా ఫజ్ ఉంటే మాత్రం దాన్ని బఫర్‌కు ముందే ఉంచాలి.

అపోహ: మినీ పెడల్ పాడైతే పారేయడమే.

వెనక మూత మరలు విప్పితే లోపల ఒకదానిమీద ఒకటి రెండు బోర్డులు, వాటిని కలిపే పిన్నుల వరుస కనిపిస్తాయి. జాక్‌లు, స్విచ్ బోర్డుకే అతికి ఉంటాయి కాబట్టి ప్రతిసారీ కేబుల్ లాగినప్పుడల్లా ఆ భారం సోల్డర్ మీద పడుతుంది. జాక్ కాలి చుట్టూ సోల్డర్‌లో సన్నని వలయంలా పగులు కనిపిస్తే, ధ్వని వచ్చి పోవడానికి కారణం అదే. మళ్లీ సోల్డర్ చేస్తే పది నిమిషాల పని. ఫుట్‌స్విచ్ మార్చడానికి మొత్తం విప్పాలి, అయినా సాధ్యమే.

చిప్‌లు మార్చడానికి హాట్ ఎయిర్ (వేడి గాలితో సోల్డర్ కరిగించే పరికరం), మైక్రోస్కోప్ కావాలి. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఫోన్లు బాగుచేసేవారికి అంతకన్నా చిన్న భాగాలతోనే రోజంతా పని. వారి చేతి నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది. ఆడియో సర్క్యూట్ వారికి పరిచయం ఉండకపోవచ్చు కాబట్టి, ఏ భాగం మార్చాలో మీరు ముందే తేల్చుకుని వెళ్లాలి. ఓవర్‌డ్రైవ్‌లోని ఆప్-ఆంప్ (సిగ్నల్‌ను పెంచే చిన్న చిప్) లాంటి భాగాలైతే బయట దొరుకుతాయి. డిజిటల్ పెడల్‌లో ప్రోగ్రామ్ రాసి ఉన్న ప్రధాన చిప్ కాలిపోతే మాత్రం, అదే చిప్ కొత్తది తెచ్చినా లోపలి ప్రోగ్రామ్ మన చేతికి రాదు కాబట్టి ఎవరూ బాగుచేయలేరు. అందుకే మినీ ఓవర్‌డ్రైవ్‌ను సెకండ్ హ్యాండ్‌లో నిశ్చింతగా తీసుకోవచ్చు, మినీ డిలే, లూపర్ మాత్రం వారంటీ ఉన్నవే తీసుకోండి.