ఒకే బ్యాచ్, మూడు సైన్యాలు: క్యాడెట్ల స్నేహాల వెనక కథ

మా వీధిలో డిగ్రీ చదివే కుర్రాడొకడు, కాలేజీలో ఎన్‌సీసీ (విద్యార్థులకి సైనిక శిక్షణ ఇచ్చే సంస్థ) క్యాడెట్, జనవరిలో ఢిల్లీ రిపబ్లిక్ డే క్యాంపుకి వెళ్లొచ్చాడు. తిరుపతి నుంచి అక్కడిదాకా సెలెక్ట్ అవడమంటే మాటలు కాదు, క్యాంపు మీద క్యాంపు దాటాలి, నెలల తరబడి కాళ్లు అరిగేలా డ్రిల్లు కొట్టాలి. తీరా ఇంటికొచ్చాక వాడు అందరికీ చూపిస్తున్నది మాత్రం విదేశీ క్యాడెట్ ఒకడు తన టోపీ నుంచి ఊడదీసి ఇచ్చిన బ్యాడ్జి. "వాళ్లతో దేశ భద్రత గురించి మాట్లాడినాం నా" అన్నాడు. ఏం మాట్లాడినారప్పా అంటే నవ్వాడు. "స్టేజీ మీద అందరం ఒకటే చెప్పినాం, శాంతి కావాలని. మెస్సులో కూర్చున్నప్పుడే అసలు మాటలు."

ఆ మెస్సు మాటలకి తొంభై ఏళ్లు పైబడిన చరిత్ర ఉంది.

1932 అక్టోబరు 1న డెహ్రాడూన్‌లో సైనిక అధికారుల్ని తయారుచేసే ఇండియన్ మిలిటరీ అకాడమీ 40 మంది క్యాడెట్లతో మొదలైంది. అప్పుడు పాకిస్తాన్ లేదు, బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే, కాబట్టి 'అంతర్జాతీయం' అనే మాటే ఎవరికీ తట్టి ఉండదు. ఆ 40 మందిలో ముగ్గురు తర్వాత మూడు వేరు వేరు సైన్యాలకి అధిపతులయ్యారు. శామ్ మానెక్‌షా మనకి, మహమ్మద్ మూసా పాకిస్తాన్‌కి, స్మిత్ డన్ బర్మాకి. 1965 యుద్ధంలో పాక్ సైన్యం మూసా చేతిలో ఉంది, 1971లో మన సైన్యం మానెక్‌షా చేతిలో ఉంది. స్మిత్ డన్ కథ ఇంకో రకం, ఆయన కరెన్ జాతివాడు, స్వతంత్ర బర్మాలో కరెన్ల తిరుగుబాటు రేగగానే 1949లో పదవి పోయింది. ఒకే మైదానంలో కవాతు చేసినంత మాత్రాన యుద్ధాలు ఆగిపోతాయని ఎవరైనా అంటే ఈ మొదటి బ్యాచ్‌నే చూపించొచ్చు.

అయినా రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కుర్రాళ్లని ఒకచోట చేర్చి మాట్లాడించే పని మొదలైంది. 1949లో అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ, క్యాడెట్లనీ మామూలు కాలేజీ విద్యార్థులనీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి విదేశాంగ విధానం మీద చర్చ పెట్టడం మొదలుపెట్టింది. చివర్లో వాళ్లే ఒక విధాన పత్రం రాయాలి. తర్వాత 1961లో అక్కడి నేవీ అకాడమీ కూడా అలాంటిదే పెట్టుకుంది. 

అదే 1949లో మన ఖడక్‌వాస్లాలో నెహ్రూ నేషనల్ డిఫెన్స్ అకాడమీకి శంకుస్థాపన చేశారు. అందులో ముఖ్య భవనం పేరు సూడాన్ బ్లాక్. పుణె పక్కన సూడాన్ పేరేంటి అంటారా, రెండో ప్రపంచ యుద్ధంలో తూర్పు ఆఫ్రికాలో పోరాడిన భారత సైనికుల గుర్తుగా సూడాన్ లక్ష పౌండ్లు ఇచ్చింది. దేశ విభజన జరిగాక ఆ డబ్బుని కూడా పంచుకున్నారు, మనకి 70 వేలు, పాకిస్తాన్‌కి 30 వేలు. అన్నదమ్ములు ఇత్తడి బిందెలు పంచుకున్నట్టే.

మన ఊళ్లలో తెలిసిన ఎన్‌సీసీ మాత్రం 1948 నాటి చట్టంతో వచ్చింది. 1962లో చైనాతో దెబ్బ తిన్నాక 1963లో కాలేజీ కుర్రాళ్లకి తప్పనిసరి చేశారు, 1968లో మళ్లీ ఇష్టానికి వదిలేశారు. ఆ కాలంలో ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కల కాలేజీల్లో చదివిన పెద్దాయనల్ని కదిలిస్తే దేశ రక్షణ కంటే ముందు పరేడ్ అయ్యాక పెట్టిన టిఫిన్ గుర్తొస్తుంది. నేనేం తక్కువ కాదు, నాకు వచ్చిన హిందీలో సగం 'సావధాన్, విశ్రామ్, పీఛే ముడ్' తోనే వచ్చింది. మూడేళ్లు డ్రిల్లు చేశాను, బూట్లు తళతళలాడేలా పాలిష్ కొట్టాను, పక్క దేశంతో మనకి గొడవ ఎక్కడ మొదలైందో మాత్రం ఒక్క క్లాసులో కూడా వినలేదు. అందుకే విదేశీ క్యాడెట్లు ఎదురుగా కూర్చుంటే మన పిల్లలు స్టేజీ మీద శాంతి అని ఊరుకుంటారు, వాళ్ల తప్పేం లేదు. 2023 రిపబ్లిక్ డే క్యాంపుకైతే 19 దేశాల నుంచి 196 మంది అధికారులు, క్యాడెట్లు వచ్చారు. అంతమంది ఒకచోట చేరినా ఏం మాట్లాడాలో నేర్పకపోతే మిగిలేది బ్యాడ్జీల మార్పిడే.

బ్యాడ్జీలే అని తీసిపారేయలేం కూడా. 1982 ప్రాంతంలో డెహ్రాడూన్‌లో చదివిన అఫ్గాన్ క్యాడెట్ షేర్ మహమ్మద్ అబ్బాస్ స్తానిక్‌జాయ్‌ని బ్యాచ్‌మేట్లు 'షేరూ' అని పిలిచేవాళ్లట. ఆయన తర్వాత తాలిబాన్ పెద్దల్లో ఒకడయ్యాడు. కాబూల్ తాలిబాన్ చేతికి పోయిన రెండు వారాలకి, 2021 ఆగస్టు 31న, ఖతార్ రాజధాని దోహాలో మన రాయబారిని కలిసి మాట్లాడింది ఆయనే. పాత చదువే దారి చూపిందని నేననను, కానీ ఎదుటివాళ్లు ఎలాంటివాళ్లో కొంతైనా తెలిసిన మనిషి అటువైపు కూర్చున్నాడు.

అదే ఆగస్టులో మన అకాడమీల్లో శిక్షణ తీసుకుంటున్న అఫ్గాన్ క్యాడెట్ల సంగతి ఎక్కువమంది పట్టించుకోలేదు. ఏ సైన్యం కోసం వచ్చారో ఆ సైన్యమే లేకుండా పోయింది. శిక్షణ పూర్తయింది, యూనిఫాం ఉంది, వెళ్లి చేరడానికి చోటు లేదు. వాళ్లలో 80 మందికి 2022లో భారత ప్రభుత్వం ఏడాది ఇంగ్లిష్ కోర్సు ఇచ్చింది. జాతీయ భద్రత అంటే ఏంటో ఆ 80 మంది కంటే బాగా ఏ సభలో ఎవరు చెప్పగలరు?

మా వీధి కుర్రాడికి ఇదంతా చెప్తే కాసేపు బ్యాడ్జి తిప్పుతూ కూర్చున్నాడు. వాడి చూపు ఇప్పుడు చెన్నై మీదుంది. ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ మంచి గ్రేడుతో వస్తే రాత పరీక్ష లేకుండా నేరుగా సైనిక అధికారుల్ని ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చు, అందులో నెగ్గితే పరంగిమలై దగ్గరున్న ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ. అది కూడా 1963లోనే, చైనా యుద్ధం తర్వాత పుట్టింది. అఫ్గాన్ నుంచి ఆడపిల్లలు కూడా వచ్చి శిక్షణ తీసుకున్నది అక్కడే. సప్తగిరి రైలెక్కితే మూడున్నర గంటల దారి. "అక్కడి మెస్సులో ఏ దేశం వాళ్లుంటారో నా" అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా పరేడ్‌కి టైమైందని సైకిలెక్కాడు.