సీపాప్ ఒకసారి పెట్టుకుంటే ఇక వదలదా? స్లీప్ ఆప్నియా చికిత్సలపై అపోహలు - వాస్తవాలు

నిద్రలో గొంతుదారి మూసుకుపోయి ఊపిరి పదేపదే ఆగిపోవడమే స్లీప్ ఆప్నియా. దానికి రాత్రిపూట మాస్కుతో పెట్టుకునే మిషనే సీపాప్.

అపోహ: మిషన్ మొదలుపెడితే ఊపిరితిత్తులు దానికే అలవాటు పడిపోతాయి.

స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి ఎలా ఉందో చూసే పరీక్ష) రిపోర్టు చేతికిచ్చిన ప్రతిసారీ వినే మాట ఇది. ఏహెచ్‌ఐ (గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో చెప్పే లెక్క) 30 దాటి, సివియర్ అని రాసి ఉన్నా సరే, "మిషన్ తప్ప ఇంకేదైనా చెప్పండి సార్" అని లేచిపోతారు. తర్వాత ఎప్పుడో, ఎన్ని మాత్రలు వేసినా దిగని బీపీతో మళ్లీ వస్తారు.

వాస్తవం: సీపాప్ మీ బదులు ఊపిరి పీల్చదు. ఆక్సిజన్ కూడా ఇవ్వదు. గదిలోని గాలినే కాస్త ఒత్తిడితో పంపి, నిద్రలో మూసుకుపోయే గొంతుదారిని తెరిచి ఉంచుతుంది. పీల్చేదీ వదిలేదీ మీ ఊపిరితిత్తులే, అవి బలహీనపడే ప్రశ్నే లేదు. ఆపేస్తే ఆప్నియా తిరిగొస్తుంది, నిజమే. వానలో గొడుగు మూస్తే తడుస్తాం, అది గొడుగు చేసిన అలవాటా?

ఈ భయం ఎక్కడిదో తెలుసు. 2021లో కోవిడ్ సెకండ్ వేవ్‌లో అయినవాళ్లను ఐసీయూలో మాస్కుతో చూసి, మళ్లీ ఇంటికి తెచ్చుకోలేకపోయిన కుటుంబాలు ఈ ఊళ్లో ఎన్నో. వాళ్లకు మాస్కు కనబడగానే గుండె జారిపోతుంది, వాళ్లను ఏమీ అనలేం. నా కోపమల్లా "మాస్కు పెట్టారంటే ఆఖరి స్టేజే" అని ఫంక్షన్లలో ప్రచారం చేసేవాళ్ల మీద.

ఉప్పల్ నుంచి ఒక క్యాబ్ డ్రైవరన్న వచ్చాడు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు ట్రిప్పులు ఎక్కువ. "స్టీరింగ్ మీదనే కన్ను మూతపడుతుంది సార్, నాకు భయమైతుంది" అని భార్య లాక్కొచ్చింది. మిషన్ కొన్నారు, కొన్ని రాత్రులు వాడి బీరువా మీద పెట్టేశారు. ఎందుకంటే ముక్కు దూలం మీద పుండు. మాస్కు సైజు పెద్దది, గాలి లీకవుతోందని పట్టీలు బిగించారు, బిగించేకొద్దీ చర్మం ఒరిసిపోయింది. ఆయన్ను పడుకోబెట్టి, గాలి ఆన్ చేసి, మాస్కు అంచున ఉండే కుషన్ చిన్నది మార్చి పట్టీలు వదులు చేస్తే లీకు ఆగింది. మాస్కు కూర్చుని కాదు, పడుకునే సరిచూసుకోవాలి. మొహానికి రాసే నూనె, క్రీము కుషన్‌కి అంటినా లీకవుతుంది, రోజూ కడగండి. నోరెండిపోతుంటే గాలికి తేమ కలిపే హ్యుమిడిఫైయర్ పెట్టించండి. ఊపిరాడనట్టు ఉంటే పగలు టీవీ చూస్తూ కాసేపు పెట్టుకుని అలవాటు చేసుకోండి. చాలామంది మిషన్‌ని వదిలేసేది ఇలాంటి చిన్న ఇబ్బందులకే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకుంటే చాలదా? చాలదు. మూసుకున్న దారి దాంతో తెరుచుకోదు. బాగా లావుగా ఉన్న కొందరిలో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి ప్రమాదం కూడా.

నోట్లో పెట్టుకునే పరికరం మైల్డ్, మోడరేట్ కేసుల్లో, సీపాప్ అస్సలు పడనివాళ్లలో బాగానే పనిచేస్తుంది. కానీ డెంటిస్టు మీ దవడ కొలతతో చేయాలి. ఆన్‌లైన్‌లో దొరికే గురక క్లిప్పులకు డబ్బు తగలేయకండి.

ఆపరేషన్‌తో శాశ్వతంగా పోతుందా? పిల్లల్లో టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ తీయడమే సాధారణంగా మొదటి చికిత్స. పెద్దల లెక్క వేరు. ముక్కు దూలం సరిచేసినంత మాత్రాన ఆప్నియా పోవడం అరుదు, సీపాప్ వాడటం మాత్రం తేలికవుతుంది.

బరువు తగ్గితే తప్పకుండా మేలు. ఊబకాయంతో పాటు మోడరేట్, సివియర్ ఆప్నియా ఉన్నవాళ్లకు బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 డిసెంబరులో అనుమతించింది కూడా. అయితే తగ్గేదాకా మిషన్ ఆపొద్దు, తగ్గాక మళ్లీ స్లీప్ స్టడీ చేయించాకే నిర్ణయం. సన్నగా ఉండి, చిన్న దవడ వల్ల ఆప్నియా వచ్చినవాళ్లకు ఈ దారి పనికిరాదు.

రివ్యూకి వచ్చేటప్పుడు మిషన్, మాస్కు రెండూ తెచ్చుకోండి. ఎన్ని గంటలు వాడారో, ఎంత లీకయిందో అందులోనే రికార్డవుతుంది. పక్కన పడుకునే మనిషినీ తీసుకురండి, రాత్రి ఊపిరి ఆగిందో లేదో మీకంటే వాళ్లకే బాగా తెలుసు.