నలుగురు పట్టుకుంటే కొమ్మ ఆగదు: చెట్ల పనిలో అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ఎండాకాలం గాలివానలు మొదలవగానే, చెట్లెక్కి కొమ్మలు కోసి దించే మాకు ఫోన్లు పెరుగుతాయి. ఇంటి మీదికి వాలిన వేప కొమ్మ, రేకుల షెడ్డును కమ్మేసిన నిద్రగన్నేరు, ప్రహరీ పక్కన చింతమాను. వెళ్లి చూసి ధర చెప్పగానే వచ్చే మాట దాదాపు ఒకటే. "ఏమప్పా, బోరు మోటారు దించే తాడు మా ఇంట్లోనే ఉంది. నలుగురు మనుషులు పట్టుకుంటే దిగదా? ఇంత ఖర్చెందుకు?"

ఇళ్ల పైకప్పులు పగిలేది, మనుషుల చేతులు పోయేది ఈ నమ్మకం వల్లే. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: తాడు లావుగా ఉండి నలుగురు పట్టుకుంటే ఎంత కొమ్మైనా దిగుతుంది.

ముందు బరువు సంగతి. పచ్చి కొయ్య దాదాపు నీళ్లంత బరువు ఉంటుంది, ఘనపు మీటరుకు సుమారు ఒక టన్ను. అడుగు మందం, ఆరడుగుల పొడవున్న దుంగ దాదాపు 130 కిలోలు. మందం అడుగున్నర అయితే అదే పొడవు దుంగ 300 కిలోలు. కింద నిలబడి చూస్తే రెంటికీ పెద్ద తేడా కనిపించదు.

ఇప్పుడు జర్కు. బోరు మోటారును దించేటప్పుడు తాడు మొదటి నుంచి చివరి దాకా బిగువుగానే ఉంటుంది, మోటారు ఎక్కడా ఊడి పడదు. తాడు మోసేది దాని బరువు ఒక్కటే. కొమ్మ అలా కాదు, కోత పూర్తయిన క్షణంలో పడటం మొదలవుతుంది. 100 కిలోల దుంగ ఒక మీటరు పడి, ఆ తర్వాత 20 సెంటీమీటర్లలో ఆగిందనుకోండి. తాడు మీద పడే సగటు లాగుడు 600 కిలోలు. గరిష్ఠంగా పడేది ఇంకా ఎక్కువ. పైన గిలక ఉంటే దుంగ వైపు తాడు 600, మనుషుల వైపు తాడు మరో 600 లాగుతాయి. గిలక కట్టిన చోట 1,200 కిలోలు పడుతుందన్నమాట. అందుకే తాడు తెగకపోయినా గిలక కట్టిన కొమ్మే విరిగి వచ్చేస్తుంది. పైకెక్కిన మనిషి తన బెల్టు కూడా ఆ కొమ్మకే కట్టుకుని ఉంటే ఏమవుతుందో ఆలోచించండి.

నలుగురు మనుషుల మాటకొస్తే, మట్టి నేల మీద నిలబడిన మనిషి తన బరువంత లాగుడును కూడా ఆపలేడు. నలుగురూ ఒకే క్షణంలో బిగించరు కూడా. ముందున్నవాడి మీదే మొత్తం పడుతుంది.

కడప వైపు ఒక ఊళ్లో వేరే గుంపు పని సగంలో వదిలేసి వెళ్తే మమ్మల్ని పిలిచారు. తాడు చేతికి చుట్టుకుని పట్టుకున్న కుర్రాడికి అరచేతుల చర్మం ఊడొచ్చిందట. వాళ్లమ్మ ఆసుపత్రి నుంచి నేరుగా చెట్టు దగ్గరికొచ్చి, "ఇంత లావు తాడు కదా నాయనా, ఎట్ల జారింది?" అని అడిగింది. తాడు లావుకూ జారడానికీ సంబంధం లేదని ఆ సమయంలో ఆమెకు ఎలా చెప్పాలి? కొడుకు చేతులు మళ్లీ పనికొస్తాయా లేదా అన్నదే ఆమె దిగులు. ఆ రోజు నుంచి నా పనిలో కింద తాడు పట్టే ప్రతి కుర్రాడికీ ముందు చెప్పేది ఇదే: తాడు చేతికీ నడుముకూ చుట్టకూడదు, మానుకు చుట్టాలి.

కొమ్మను ఆపాల్సింది రాపిడి. తాడును మాను మొదట్లో ఒక చుట్టు తిప్పితే చేతికి వచ్చే లాగుడు సుమారు నాలుగైదు రెట్లు తగ్గుతుంది. రెండు చుట్లు తిప్పితే ఇరవై రెట్ల దాకా. 600 కిలోలు 30 కిలోలవుతుంది, గ్లౌజులు వేసుకున్న ఒక్క మనిషి చాలు. బెరడు ఒక్కో చెట్టుకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి, మాను మొదట్లో బెల్టుతో బిగించే నున్నటి ఇనుప డ్రమ్ము ఉంటే ఇంకా నమ్మకం.

దుంగను టక్కున ఆపకూడదు. ఆ 100 కిలోల దుంగనే, మీటరు పడ్డాక ఇంకో మీటరు జారనిస్తూ ఆపితే సగటు లాగుడు 600 నుంచి 200కు దిగుతుంది. జారడానికి చోటు లేకపోతే, అంటే కిందే రేకులుంటే, ముక్క చిన్నదిగా కోయాలి. కోసే చోటికంటే పైన గట్టి పంగ దొరికితే గిలక అక్కడే కట్టి తాడు ముందే బిగిస్తే, కొమ్మ దాదాపు పడకుండానే దిగుతుంది. మాను పైభాగం కోసేటప్పుడు ఆ వీలుండదు, గిలక కోతకు కిందే ఉంటుంది. జర్కు అన్నిటికంటే ఎక్కువ వచ్చేది అక్కడే.

అపోహ: తాడు మీద మూడు టన్నులు అని ఉంటే మూడు టన్నులు మోస్తుంది.

అది తెగే బరువు. ముడి వేసిన చోట సగం దాకా బలం పోవచ్చు. జర్కు పడే పనికి నేను లెక్కేసేది పదో వంతే, 300 కిలోలు. మన ఎండకు మిద్దె మీద పడి ఉన్న ప్లాస్టిక్ తాడైతే అసలు వాడను. పాలీప్రొపిలీన్ అనే ఆ ప్లాస్టిక్ 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది, రాపిడి వేడికి అది చాలు.

అపోహ: పంగలోంచి తాడు వేస్తే గిలక ఎందుకు?

తాడు పొట్టు లేస్తుంది, చెట్టు బెరడు చిట్లుతుంది. ఎంత రాపిడి వస్తుందో ముందు తెలియదు. గిలక వాడండి.

అపోహ: భయంగా ఉంటే మొదలంటా కొట్టేయడమే మంచిది.

గాలి లేచిన ప్రతి రాత్రీ మంచం వరండాలోకి లాక్కునే ఒక పెద్దావిడ ఇంటికి కర్నూలులో వెళ్లాను. వేపచెట్టు తీసేయమంది. ఆమె టెన్షన్‌లో తప్పులేదు, ఇంటి మీద రెండు ఎండు కొమ్మలు నిజంగానే ఉన్నాయి. ఆ రెండూ దించాం, చెట్టు ఉంది. మాను బోలుగా ఉందా, వేళ్లు లేచాయా అని చూడకుండా చెట్టు మొత్తం తీయించకండి. తీయాల్సే వస్తే, సొంత స్థలంలో చెట్టైనా వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, 2002 ఉంది, ముందు అనుమతి సంగతి కనుక్కోండి.

అపోహ: తాడు కరెంటు పట్టదు, తీగ పక్కన పర్వాలేదు.

తడిసిన తాడు, మట్టి పట్టిన తాడు, పచ్చి కొమ్మ అన్నీ పడతాయి. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకుని లైన్ ఆపానని చెప్పేదాకా చెట్టెక్కనివ్వకండి. గాలివానకు తీగ మీద పడిన కొమ్మను మీరు కర్రతో కూడా తోయవద్దు, 1912కు ఫోన్ చేసి, పిల్లల్ని దూరంగా ఉంచండి.