పీటర్స్ సారీ ఎవరికి చెప్పినట్టు?

కెనడాలో లెత్‌బ్రిడ్జ్ హరికేన్స్ జట్టు 2023 సెప్టెంబరులో బిల్ పీటర్స్‌ను హెడ్ కోచ్‌గా తీసుకోవడంతో ఆయన గతంలో ఓ నల్లజాతి ఆటగాడి ముందు జాతి దూషణ చేశారన్న ఐస్ హాకీ పాత గొడవ మళ్లీ రాజుకుంది. ఆ జట్టులో ఆడేవాళ్లంతా ఇరవై ఏళ్ల లోపు, ఆ చుట్టుపక్కల కుర్రాళ్లు. మనిషి మారాడు, ఇంకో అవకాశం ఇస్తే తప్పేంటని ఒక వర్గం. మారాడని తేల్చిందెవరని ఇంకో వర్గం.

విల్లీ ఓరీ 1958లో బోస్టన్ బ్రూయిన్స్ తరఫున దిగి, ఉత్తర అమెరికా ఐస్ హాకీలో పెద్ద లీగైన ఎన్‌హెచ్ఎల్‌లో ఆడిన తొలి నల్లజాతి ఆటగాడయ్యారన్నది అందరూ చెప్పేదే. రెండో ఆటగాడు మైక్ మార్సన్ రావడానికి 1974 దాకా పట్టిందన్నది అంతగా చెప్పరు. ఈ తగువుకు మాత్రం అంత వెనక్కి వెళ్లక్కర్లేదు, 2019 నవంబరు చాలు.

ఆ నెల 20న టొరంటో మేపుల్ లీఫ్స్ కోచ్ మైక్ బాబ్‌కాక్ ఉద్యోగం ఊడింది. ఆటగాళ్లను ఆయన ఎలా చూసేవారో ఒక్కొక్కటే బయటికొస్తుంటే, నల్లజాతి ఆటగాడు అకీమ్ అలియు ట్విటర్‌లో బాబ్‌కాక్ శిష్యుడి సంగతి ఎత్తారు. పేరు రాయలేదు, కాల్గరీ విమానాశ్రయం కోడ్ రాశారు. అప్పట్లో కాల్గరీ ఫ్లేమ్స్ కోచ్ పీటర్సే.

అలియు నైజీరియాలో పుట్టి, ఉక్రెయిన్‌లో పెరిగి, కెనడా చేరారు. 2009-10లో ఎన్‌హెచ్ఎల్‌కు ఒక మెట్టు కిందుండే రాక్‌ఫర్డ్ ఐస్‌హాగ్స్‌కు ఆడేవారు. ఓ రోజు ప్రాక్టీస్‌కు ముందు డ్రెస్సింగ్ రూమ్‌లో ఆయన పెట్టిన హిప్‌హాప్ పాటలు మోగుతున్నాయి. అప్పుడు ఆ జట్టు కోచ్ అయిన పీటర్స్ లోపలికొచ్చి, నల్లజాతివాళ్లను తిట్టే మాట పదేపదే వాడుతూ ఆ పాటలు విని విసుగొచ్చిందన్నారు. అక్కడున్న ఇద్దరు సహచరులు తర్వాత దీన్ని నిజమేనన్నారు. ఎదురు మాట్లాడినందుకు పీటర్స్ పైవాళ్లకు లేఖ రాసి తనను కింది లీగ్‌కు పంపించేశారన్నది అలియు ఆరోపణ. జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2007లో రెండో రౌండ్‌లోనే చికాగో జట్టు ఎంచుకున్న ఆటగాడు, ఎన్‌హెచ్ఎల్‌లో ఆడింది 7 మ్యాచ్‌లు.

నా దృష్టిలో అసలు మలుపు ఆ తిట్టు కాదు, ట్వీట్ల తర్వాత రెండు రోజులకు వచ్చిన క్షమాపణ లేఖ. అది కాల్గరీ జనరల్ మేనేజర్ బ్రాడ్ ట్రెలివింగ్ పేరున ఉంది. అలియు పేరు ఒక్కచోట కూడా లేదు. మాట పడ్డవాణ్ని వదిలేసి, జీతమిచ్చేవాళ్లకు సంజాయిషీ అన్నమాట! ఆ తిట్టు తర్వాత వెంటనే జట్టుకు క్షమాపణ చెప్పానని పీటర్స్ అందులో రాసుకున్నారు. అందులో నిజాయితీ లేదని అలియు కొట్టిపారేశారు. నవంబరు 29న పీటర్స్ రాజీనామా చేశారు. డిసెంబరులో లీగ్ ఫిర్యాదులకు హాట్‌లైన్ పెడతామంది.

రాజీనామా చేసి 5 నెలలు తిరగకముందే పీటర్స్‌కు రష్యాలోని యెకతెరిన్‌బర్గ్ జట్టులో కోచ్ ఉద్యోగం దొరికింది. అలియు 2020 జూన్‌లో ఎన్‌హెచ్ఎల్ ఆటగాడు ఇవాండర్ కేన్ తదితరులతో కలిసి, హాకీలో వివక్షపై పోరాడే హాకీ డైవర్సిటీ అలయన్స్ పెట్టారు. ఎన్‌హెచ్ఎల్ పైపై మెరుగులతో సరిపెడుతోందంటూ అక్టోబరుకల్లా ఆ బృందం లీగ్‌తో తెగదెంపులు చేసుకుంది. 2022లో లీగ్ తానే ఇచ్చిన నివేదికలో ఉద్యోగుల్లో 83.6 శాతం తెల్లవాళ్లేనని తేలింది.

వర్ణవివక్షపై పీటర్స్ శిక్షణ తీసుకున్నారని హరికేన్స్ అప్పట్లో చెప్పింది. ఆ శిక్షణ సరిపోయిందని ఒప్పుకున్నదీ మళ్లీ ఆయనకు ఉద్యోగమిచ్చిన జట్టే.