గుండ్రటి పన్ను ఎందుకు తిరగదు?

“మా అమ్మాయికి అలైనర్లు (పళ్లను సర్దడానికి ఒకదాని తర్వాత ఒకటిగా మార్చుకునే ప్లాస్టిక్ తొడుగులు) పెట్టించాం. మెలితిరిగిన ముందు పళ్లు త్వరగానే సర్దుకున్నాయి. కోరపన్ను, దాని వెనక పన్ను మాత్రం కదలనంటున్నాయి. ఎందుకు?” అని ఒక పాఠకురాలు అడిగారు. ఎంత మంచి ప్రశ్నో! దీని జవాబు వైద్యంలో కన్నా జ్యామితిలోనే ఎక్కువగా ఉంది.

నూనె చేత్తో ఆవకాయ సీసా మూత తిప్పి చూడండి. మూత నున్నగా ఉంటే వేళ్లు జారిపోతాయి. గట్టిగా నొక్కినా లాభం లేదు. వృత్తం మీద ఎక్కడ నొక్కినా ఆ బలం నేరుగా కేంద్రం వైపే పోతుంది, తిప్పడానికి ఏమీ మిగలదు. తిప్పేది ఘర్షణ ఒక్కటే, దాన్ని నూనె తినేస్తుంది. నోట్లో ఆ నూనె పని లాలాజలం చేస్తుంది. మూతకు అంచు చుట్టూ గాట్లుంటే? వేలు ఒక గాటును ఇటు, బొటనవేలు ఎదుటి గాటును అటు తోస్తాయి. భౌతికశాస్త్రంలో బలయుగ్మం అంటే ఇదే.

ముందు పన్ను పలకలా వెడల్పుగా ఉంటుంది కాబట్టి దానికి గాట్లు అక్కర్లేదు. ఒక అంచును లోపలికి, ఇంకో అంచును బయటికి తోస్తే తిరుగుతుంది. కింది దవడలో కోరపన్ను వెనకుండే పన్ను అడ్డంగా కోస్తే దాదాపు గుండ్రం. అందుకే డాక్టరు దాని మీద పంటి రంగు కాంపోజిట్‌తో చిన్న బొడిపె అతికిస్తారు. మూతకు గాటు పెట్టినట్టే. పట్టు దొరక్కపోతే ప్లాస్టిక్ తొడుగు పన్ను మీద నుంచి కొద్దికొద్దిగా పైకి జరిగిపోతుంది, తర్వాతి తొడుగు అసలు కూర్చోదు. ఒక్కో తొడుగుకు తిప్పుడు సుమారు 2 డిగ్రీలకే పరిమితం చేసేదీ అందుకే. 30 డిగ్రీలు తిరగాలంటే 15 తొడుగులైనా కావాలి.

2009లో క్రావిట్జ్ అనే దంతవైద్యుడి బృందం అలైనర్లు వాడినవారి ముందు పళ్లను, కోరపళ్లతో సహా, కొలిస్తే, అనుకున్న కదలికలో సగటున 41 శాతమే జరిగినట్టు తేలింది. పై కోరపన్నును 15 డిగ్రీలకు మించి తిప్పాల్సి వచ్చినప్పుడు ఫలితం ఇంకా తగ్గింది.

  

తిరిగాక ఇంకో చిక్కు. వేరు చుట్టూ ఉండే సుమారు 0.2 మిల్లీమీటర్ల బంధన పొరలో, నొక్కుడు పడిన వైపు ఎముకను ఆస్టియోక్లాస్ట్ కణాలు కరిగిస్తాయి, సాగిన వైపు ఆస్టియోబ్లాస్ట్ కణాలు కొత్త ఎముక కడతాయి. ఇది నెలల్లో కుదురుకుంటుంది. ఎముకకు పైన, చిగురులో ఉండే సాగే నారలు మాత్రం మెలిపడి పన్నును వెనక్కి లాగుతూనే ఉంటాయి. అవి సర్దుకోవడానికి ఏడాది దాకా పట్టవచ్చు. 1970లో ఎడ్వర్డ్స్ అనే దంతవైద్యుడు ఆ నారలను పన్ను చుట్టూ కోసే చిన్న శస్త్రచికిత్సను వివరించారు. కోసిన నారలు పన్ను కొత్త స్థానంలోనే మళ్లీ అతుక్కుంటాయి. అది చేసినా రిటైనర్ (పన్ను వెనక్కి తిరగకుండా పట్టి ఉంచే సాధనం) తప్పదు.