డబ్బాకి రంగేస్తే గొంతు మారుతుందా?

పర్లాకిమిడి

పిల్లలకు తాతయ్య దీవెనలు.

స్పీకరు డబ్బాకి వార్నిష్ కొడితే పాట తియ్యగా వినబడుతుందా అని అడిగారు. ముందు చెక్క మందం చూడండి.

స్పీకరు డబ్బాలకి వాడే 18 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపీచుని జిగురుతో నొక్కి చేసిన) పలక చదరపు మీటరుకి సుమారు 13 కిలోలు తూగుతుంది. దానిమీద ఆరిన రంగు పొర మిల్లీమీటరులో పదో వంతు. బరువు ఏ 120 గ్రాములో. నూటికి ఒక వంతైనా కాదు. ఆ డబ్బా గోడకి రంగు వేసినా ఒకటే, వేయకున్నా ఒకటే. అదే పొర ఫిడేలు పైపలక మీద పడితే? ఆ స్ప్రూస్ (చలిదేశాల్లో పెరిగే తేలిక చెక్క) పలక సుమారు 3 మి.మీ. ఉంటుంది, చదరపు మీటరు లెక్కన 1.2 కిలోలు. ఇక్కడ 120 గ్రాములంటే పదో వంతు! పైగా అది ఊగి పలకాల్సిన చెక్క. మందపాటి పూత ఆ ఊపుని మింగేస్తుంది.

మన పొరుగున బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి వీణ చేస్తారు కదా, అందులో తీగల్ని మోసే గుర్రం కూర్చునేది కుండ మీది పలక మీద. దండి ఎంత నిగనిగలాడినా ఫరవాలేదు. పాత వీణకి మెరుగు పెట్టించేటప్పుడు ఆ పలక మీద మాత్రం పూత మీద పూత వేయనివ్వకండి.

స్పీకరు డబ్బాకి పూత కావలసింది తేమ కోసం. ఎండీఎఫ్ కోసిన అంచుని దగ్గరగా చూడండి, అట్టముక్కలా నూగు లేచి ఉంటుంది. నీటిచుక్క పడితే పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండినా మళ్లీ సర్దుకోదు. అతుకు విడి గాలి కారితే బేస్ (మంద్ర ధ్వని) పల్చబడుతుంది, బుస్సుమనే చప్పుడొస్తుంది. అందుకని ఫెవికాల్‌లో అంతే నీళ్లు కలిపి అంచులకి రెండు పూతలు పట్టించండి. ఆరాక 220 నంబరు గరుక్కాగితంతో రుద్ది, అప్పుడు ప్రైమర్. లోపలి వైపూ ఒక పూత వేయాలి. వెనీర్ (అందానికి అతికించే పల్చని చెక్కరేకు) కూడా ఒక్కవైపే అతికిస్తే పలక వంకరపోతుంది.

మహేంద్రగిరి వైపు మబ్బు కమ్మి ముసురు పట్టిన రోజుల్లో స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్ జోలికి పోకండి. స్పిరిట్ ఎగిరిపోతూ చెక్కని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దానిమీద దిగి పూత పాలలా తెల్లబడుతుంది.

డబ్బా పక్క గోడని వేలి కణుపుతో కొట్టండి. డబ్బుమని మోగితే లోపల ఒక అడ్డపట్టీ జిగురుతో బిగించండి. ఎన్ని పూతలు వేసినా ఆ మోత ఆగదు.

రంగు వేసేముందు స్పీకరు విప్పి పక్కన పెట్టడం మరవకండి. చిన్న స్పీకర్లో కదిలే భాగమంతా కలిపి కొద్ది గ్రాములే. కాగితపు కోను మీద రంగు తుంపర పడిందా, అసలు గొంతు అక్కడ మారుతుంది.

మీ తాతయ్య